పాముల గద్ద - జుట్టు బైరి

గరుత్మంతునకును నాగులకును గల వైరము పురాణప్రసిద్ధము. అట్టి వైరమును నేటికిని కన్నులార చూడవలెనన్నచో నల్లమల అడవులకు పోవలెను. అచ్చట పాముల గద్ద యను పక్షి కలదు. ఆ అడవులలోనే జుట్టు బైరి యను మఱియొక వేటపక్షియు నివసించును. రెండును ఇంచుమించు 60, 70 సెంటీమీటర్ల పొడవుండును. రెండింటి వీపును గోధుమవన్నెదే. రెండింటి తలపైనను జుట్టు కలదు. అందుచేత చూపరులు ఒకదానిని చూచి మఱియొకటిగా భ్రమపడుదురు.

వీనిని గుర్తించుటకు మొదట తలను, పిదప కాళ్లను పరిశీలింపవలెను. పాముల గద్ద జుట్టు పొట్టిది. నలుపు తెలుపు కలిసి మెడవెనుక విసనకఱ్ఱవలె విచ్చుకొనును. కంటికిని ముక్కునకును నడుమ పసుపుపచ్చని చర్మము కనబడును. బైరికి తలవెనుక పొడవైన యీకలు నిక్కియుండును. దాని కాళ్లు వ్రేళ్ల మొదళ్లవఱకు ఈకలతో కప్పబడియుండును. పాముల గద్ద కాళ్లపై గరుకైన పొలుసులు మాత్రమే యుండును. పాముతో పోరునపుడు ఆ పొలుసులే కాటునుండి కాలిని కొంతవఱకు కాపాడును.

ఆహారమునుబట్టి వేట తీరును మారును. పాముల గద్ద కొమ్మపై కూర్చుండి నేలను చాలసేపు పరికించును. పామో, తొండయో, కప్పయో కదలినంతనే వ్రాలి కాళ్లతో అదిమిపట్టును. ప్రొద్దెక్కి గాలి వేడెక్కినపుడు వెడల్పైన రెక్కలు చాచి, బిగ్గరగా కూయుచు ఆకాశమున చుట్లు తిరుగును. అప్పుడు రెక్కల అడుగున తెల్లని పట్టె స్పష్టముగా కనబడును. బైరి సన్ననిది, దాని తోక పొడవైనది. అది ఆకుల చాటున పొంచియుండి, కుందేలో, కౌజో, అడవికోడియో బయటికి వచ్చినంతనే దూసుకొనివచ్చి తన్నుకొనిపోవును.

బైరి ఒక్కొక్కప్పుడు ఊరి కోళ్లను గూడ ఎత్తుకొనిపోవును. ఆ నేరము పాముల గద్దపై పడినచో, పాములను, కప్పలను తిని బ్రదుకు పక్షి అన్యాయముగా రాతిదెబ్బ తినును. అట్లని బైరియు చంపదగినది కాదు. అది ఎలుకలను గూడ వేటాడును. ఈ రెండు పక్షులును సామాన్యముగా ఏటికొక్క గుడ్డునే పెట్టును. గూడున్న చెట్టు కూలెనేని ఆ జంటకు ఆ యేటి సంతానము నశించినట్లే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము వీనిని చంపుట నేరము. గద్ద నీడ కనబడగానే రాయి యెత్తుటకు మాఱుగా, పిల్లలకోడిని గంపక్రింద కమ్మినచో కోడిపిల్లలును దక్కును, అడవిపక్షియు బ్రదుకును.