వల గుండ్లకు సీసము కరిగించునప్పుడు

తొలకరి పడి చెరువులు, కాలువలు నిండక ముందే పల్లెలలో వలలు బయటకు వచ్చును. తెగిన కన్నులు అల్లుకొనుట, నానిపోయిన తాళ్లు మార్చుట, రాలిపోయిన గుండ్లకు బదులు క్రొత్తవి కట్టుట ఆ రోజులలోనే జరుగును. విసురు వల అంచు వేగముగా అడుగునకు దిగవలెనన్న బరువు కావలెను గదా! చేపల చెరువులున్న రైతులలోను, ఇంటి మట్టుకు ఒక వల పెట్టుకొన్నవారిలోను చాలమంది ఈ గుండ్లను బజారులో కొనరు. పాత సీసమును కరిగించి పెరటిలోనే పోసికొందురు. పని చూచుటకు సులభముగనే ఉండును.

రెండేండ్ల క్రిందట నారుమళ్లు చూచుటకు ఒక గ్రామమునకు వెళ్లినప్పుడు, ఒక రైతు పెరటిలో ఈ పని జరుగుచున్నది. మూడు రాళ్ల పొయ్యి, దానిపై ఇనుప మూకుడు, అందులో సగము వరకు కరిగిన సీసము. ప్రక్కన నేలపై పాత సీసపు ముక్కల కుప్ప. నాలుగేండ్ల మనుమడు తాతగారి ప్రక్కనే కూర్చుండి, చల్లారిన గుండ్లను లెక్కపెట్టుచు ఒకటి నోటిలో పెట్టుకొన్నాడు. నేను వారించబోగా ఆ పెద్దాయన నవ్వి, "ముప్పై ఏళ్ల నుంచి పోస్తున్నానండీ, నాకేమీ కాలేదు" అన్నాడు. ఆ మాట అనుచునే కుప్పలోని ఒక ముక్కను తీసి మూకుడులో వేసినాడు. ఉదయము జల్లు పడి నేల తడిగా ఉన్నది. టపాకాయ ప్రేలినట్లు చప్పుడయి, సీసము చిందినది. ఆయన ముంజేతిపైన, పాదముపైన పడినది. ఒక బొట్టు పిల్లవాని చొక్కాపై పడి గుడ్డను కాల్చి ఆగినది. ఊడ్పుల కాలములో ఆయన రెండు వారములు మడిలో కాలు పెట్టలేదు.

దీనికి కారణము సీసము కాదు, నీరు. నీరు ఆవిరిగా మారినప్పుడు సుమారు 1700 రెట్లు పెరుగును. సీసము 327 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగును. నీరు 100 డిగ్రీల వద్దనే మరుగును. కరిగిన సీసముపై పడిన చినుకు ఒక్కొక్కప్పుడు పైననే బుసబుసలాడి పోవచ్చును. కాని తడి ముక్కతో గాని, తడి గరిటెతో గాని ఆ నీరు సీసము అడుగునకు చేరినచో, అక్కడ ఒక్క క్షణములో ఆవిరియై, పైనున్న సీసమునంతటిని ఎగజిమ్మును. చెంచాలో పదవ వంతు నీరు చాలును.

కనుక వేయదలచిన ముక్కలన్నియు పొయ్యి వెలిగించక ముందే, మూకుడు చల్లగా ఉన్నప్పుడే వేయుడు. తరువాత వేయవలసినవి ఉన్నచో మూకుడు అంచున కొంతసేపు పెట్టి, వేడెక్కిన పిమ్మట మెల్లగా జారవిడువుడు. పాత గొట్టపు ముక్కలలో నీరు దాగియుండును; వాటిని చీల్చి విప్పనిదే వేయరాదు. గరిటెను ముందుగా పొయ్యి సెగపై కాచుకొనవలెను. మట్టి అచ్చు అన్నిటికంటె మోసకారి. పైన పొడిగా కనబడి లోపల చెమ్మ పట్టియుండును. ఎండలో రెండు మూడు రోజులు ఉంచి, పోయుటకు ముందు నిప్పుల దగ్గర వెచ్చచేయుడు. ఆకాశమున మబ్బు ఉన్ననాడు ఈ పని పెట్టుకొనవద్దు. నుదుటి చెమట కూడ నీరే అని మరువరాదు. పొలములోనో అడవిలోనో దొరికిన తూటాలను, తెలియని లోహపు ముక్కలను మూకుడులో వేయుట ప్రాణాపాయము. (తుపాకి గుండ్లు పోసికొనుట వేరు సంగతి. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే తుపాకి మందుగుండు తయారుచేయరాదు. పంటల రక్షణకు తుపాకి ఉన్నవారు దీనిని గమనింతురుగాక.)

పాదరక్షలు పాదమును పూర్తిగా కప్పునవై ఉండవలెను; చెప్పులు పనికిరావు. నైలాను, టెరిలిన్ బట్టలు కరిగి ఒంటికి అంటుకొనును. నూలు బట్టలే కట్టుకొనుడు. కంటికి అద్దములు ఉండవలెను. సత్తు గిన్నెను వాడవద్దు, కట్టెల మంటకు అది మెత్తబడి అడుగు ఊడవచ్చును. పొయ్యి దగ్గర పొడి ఇసుక ఉండవలెను. నీళ్ల బకెట్టు మాత్రము పది అడుగుల దూరమున ఉండవలెను; అది ఒంటికి, సీసమునకు కాదు. కాలినచోట ఇరువది నిమిషములు చల్లని నీరు ధారగా పోసి, అంటుకొన్న సీసమును పెరుకక, పేడ గాని, సిరా గాని, పళ్లపొడి గాని పూయక వైద్యుని వద్దకు పోవలెను.

చిందిన సీసము కంటికి కనబడును; మరునాడు ఎవరును మరువరు. ఆ తాతగారి మాటలోని పొరపాటు మాత్రము వేరొకచోట ఉన్నది. సీసము కరిగి కొంతసేపు నిలిచినచో పైన బూడిదరంగు తెట్టు కట్టును. గరిటెతో తీసి ప్రక్కన విదిలించినప్పుడు అది మెత్తని పొడియై గాలిలో లేచి, చేతులకు, లుంగీకి, మీసమునకు అంటును. వాసన లేదు, దగ్గు రాదు, మంట పుట్టదు. మూకుడు అడుగు ఎర్రబడునంత మంట పెట్టినచో కంటికి కనబడని పొగ కూడ చేరును. కట్టెల పొయ్యి సీసము కరుగుటకు కావలసిన వేడికి రెట్టింపు వేడి నీయగలదు. కనుక సీసము అచ్చులో చక్కగా నిండునంత పల్చబడగానే మంటను తగ్గింపుడు.

ఈ పొడి నోటిలోనికి పోవు దారులు చిత్రముగా ఉండును. పని మధ్య వెలిగించిన బీడీ ఒక దారి. కడుగని చేతితో నమలిన తాంబూలము మరొకటి. గుండును తాటికి బిగించునప్పుడు పళ్లతో నొక్కుట చాలమందికి అలవాటు; దానికి పట్టకారు వాడిన సరిపోవును. అన్నిటికంటె ముఖ్యమయినది, తండ్రి లుంగీకి అంటిన దుమ్ము ఇంటిలో చాపపైకి, అక్కడి నుండి ప్రాకు బిడ్డ చేతికి, చేతి నుండి నోటికి పోవుట. పెద్దవారి కంటె పసిబిడ్డల శరీరము సీసమును నాలుగైదు రెట్లు ఎక్కువగా గ్రహించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అది ఎముకలలో చేరి ఏండ్ల తరబడి నిలుచును. గర్భిణి ఎముకలలోనిది కడుపులోని శిశువునకు చేరును. పెద్దవారికి కడుపునొప్పి, మలబద్ధకము, నెత్తురు తగ్గుట, చిరాకు కలుగును. బిడ్డకు పైకి ఏ గుర్తు లేకయే బుద్ధి మందగించి, చదువులో వెనుకబడును. ముప్పై ఏండ్లుగా తనకు ఏమీ కాలేదను తాత, మనుమని మాట చెప్పలేడు.

ఇది అతిశయోక్తి అనుకొనకుడు. సెనెగల్ దేశములో డాకార్ నగరము ప్రక్కనున్న థియరాయ్-సుర్-మెర్ అను చోట పాత బ్యాటరీల సీసము తీయుట చాలకాలము సాగినది. సీసము కలిసిన ఆ మట్టిని జనులు జల్లించి సంచులలో ఇండ్లకు తెచ్చుకొన్నారు. 2007 నవంబరు, 2008 మార్చి మధ్య అక్కడ 18 మంది పిల్లలు చనిపోయిరి. మన ఊళ్లలో ట్రాక్టరు బ్యాటరీ పాడయినప్పుడు పగులగొట్టి పలకలు తీసికొనువారు ఈ మాట గుర్తుంచుకొనవలెను. బ్యాటరీ పలకలలో ఉన్నది శుద్ధమైన సీసము కాదు. గంధకికామ్లముతో కలిసిన సీసపు పొడి. వల గుండ్లకు దానిని ఎంతమాత్రము కరిగించరాదు.

పశువుల సంగతియు చెప్పవలసియున్నది. తెట్టును పెంటకుప్పపై పారవేసినచో పెయ్యలు, దున్నపడ్డలు నాకుట కద్దు. పాడయిన బ్యాటరీ దొడ్డిలో పడియున్నను అంతే. చూపు పోయి గోడకు గుద్దుకొనుట, పళ్లు కొరుకుట, చొంగ కార్చుట, చెవులు కండలు అదురుట, మూర్ఛ వచ్చుట సీసపు విషమునకు గుర్తులు. ఇవి కనబడిన గంటలలోనే పశువైద్యుని పిలువవలెను. ఒకటి రెండు రోజులలో పశువు చనిపోవచ్చును. విషము సోకిన గేదె పాలలోనికి కూడ సీసము దిగును గనుక, వైద్యుడు చెప్పువరకు ఆ పాలను వాడరాదు, అమ్మరాదు. ఆ పెంట పొలమునకు తోలినచో సీసము మట్టి పైపొరలోనే నిలిచిపోవును. ఎరువువలె కుళ్లిపోవునది కాదు. ఆకుకూరల మడులకైతే మరింత చేటు.

కాబట్టి పని ఇంటికి దూరముగా, గాలికి వీపు పెట్టి, పిల్లలు, గర్భిణులు, పశువులు దగ్గరకు రాని చోట చేయుడు. మూకుడు, గరిటె మరల వంటింటికి రాకూడదు. తెట్టును మెల్లగా తీసి, పొడి రేకు డబ్బాలో వేసి మూత బిగింపుడు. అంతయు చల్లారిన పిమ్మట నేలను చీపురుతో ఊడ్వక, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను కూడ డబ్బాలో వేయుడు. సబ్బుతో చేతులు, ముఖము కడిగి, స్నానము చేసి, విడిచిన బట్టలను వేరుగా ఉతుకవలెను.

నన్నడిగినచో, పది పదిహేను గుండ్ల కొరకు ఇంత అవస్థ దండుగ. పోసిన గుండ్లు బజారులో దొరకును. లోతు లేని చెరువులకు ఇనుప గొలుసు చాలును. త్రుప్పు పట్టిననాడు మార్చుకొనవచ్చును. కుమ్మరి కాల్చియిచ్చు మట్టి గుండ్లు మన వలలకు క్రొత్తవి కావు.

ఇంతకు ముందు ఈ పని చేసిన ఇండ్లలో చిన్నపిల్లలున్నచో రక్తపరీక్ష చేయించుడు. వేరే మార్గమున తెలియదు. నూరు మిల్లీలీటర్ల రక్తములో 5 మైక్రోగ్రాములు గాని అంతకు మించి గాని సీసమున్నచో, అది ఎక్కడ నుండి వచ్చుచున్నదో కనుగొని ఆపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది. ఇక గ్రామోద్యోగులకు ఒక మనవి. పొలిమేరలో ఎవరైన బ్యాటరీలు కరిగించు బట్టీ పెట్టినచో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి వెంటనే తెలుపుడు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము పాత బ్యాటరీలు అనుమతి పొందిన వారికే చేరవలెను. క్రొత్తది కొనునప్పుడు పాతదానిని పగులగొట్టక దుకాణములోనే ఇచ్చినచో ధరలో కొంత తగ్గింతురు. తెట్టు డబ్బాను ఎక్కడ ఇవ్వవలెనో కూడ ఆ దుకాణదారునే అడుగుడు.