సినిమా చూశాం, ఇక నవలెందుకు?

నవల ఆధారంగా తీసిన సినిమా చూస్తే నవల చదివినట్టేనన్నది తెలుగునాట బాగా పాతుకుపోయిన అపోహ. దీని దెబ్బ పరీక్ష పేపర్లలో కంటికి కనిపిస్తుంది. ‘కొండపొలం’ నవల మీద వ్యాసం రాయమంటే ఓబులమ్మ ప్రేమకథతో రెండు పేజీలు నింపి, ధీమాగా పేపరు ఇచ్చి వచ్చే విద్యార్థులుంటారు. ఓబులమ్మ నవలలో లేనే లేదు.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాసిన ఈ నవలకు 2019లో తానా బహుమతి వచ్చింది. క్రిష్ 2021లో దాన్ని సినిమాగా తీశారు. మేతా నీళ్లూ కరువైనప్పుడు కాపరులు గొర్రెల మందల్ని నల్లమలకు తోలుకుపోవడమే కొండపొలం పోవడం. రోజుల తరబడి నడక, రాత్రిళ్లు మంద కావలి, పెద్దపులి భయం, వీటన్నిటినీ మోసే కడప యాస: నవల ప్రాణమంతా అక్కడుంది. సినిమాకు అది చాలలేదు. కథానాయకుడికి జోడీ కావాలి, జోడీ ఉంటే పాట కావాలి. అలా పుట్టింది ఓబులమ్మ. ఇందులో నేరమేమీ లేదు. ఆమెను నవల ఖాతాలో రాయడమే తప్పు.

నవలలో మనిషి మనసులో అనుకునే మాట పది పేజీలు నడవొచ్చు. తెరమీద ఆ మాటకు చేతలో చూపులో కావాలి. వందల పేజీలు రెండు మూడు గంటల్లో ఇమడాలి. ఎముకలకు కట్టు కట్టడంలో పేరుపడిన పుత్తూరువాళ్లకు ఈ పని అర్థం కావడం తేలికే. కాకపోతే సినిమావాళ్లు ముందు తామే విరుస్తారు, తర్వాత కట్టు కడతారు. కొన్ని చక్కగా అతుకుతాయి, కొన్ని వంకరపోతాయి.

వంకరపోయినదాన్ని చూడాలంటే ‘చదువుకున్న అమ్మాయిలు’ (1963) చాలు. దాని మూలం డాక్టర్ పి. శ్రీదేవి రాసిన ‘కాలాతీత వ్యక్తులు’. ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. తన సుఖం తాను చూసుకుంటానని మొహమాటం లేకుండా బతికే ఇందిర ఆ నవలకు ఆయువుపట్టు. ఆదుర్తి సుబ్బారావు తీసిన సినిమాలో ఉన్నది సుజాత, వసంత, లీల. హాయిగా నవ్వించే సినిమాయే, కాదనలేం. అది చూసి ఇందిర తెలిసిపోయిందనుకుంటే మాత్రం శ్రీదేవికి అన్యాయం. ఆవిడ 1961లోనే పోయారు, ఆ సినిమా చూడనేలేదు.

ఇంటా బయటా తమిళం కూడా వినిపించే పుత్తూరు, నగరి వైపు ఈ అపోహ ఇంకో మెట్టు ఎక్కింది. ‘పొన్నియిన్ సెల్వన్’ రెండు భాగాలూ (2022, 2023) చూసినవాళ్లకు చోళుల చరిత్ర తెలిసిపోయిందట! కల్కి 1950–54 మధ్య పత్రికలో సీరియల్‌గా రాసిన ఐదు భాగాల నవల అది. అందులోని చోళ యువరాజు ఆదిత్య కరికాలుడి హత్య నిజం. హంతకుల పేర్లు ఉడైయార్‌గుడి శాసనంలో ఉన్నాయి. నవలలోని నందిని పేరు అక్కడ లేదు, ఆమె కల్కి కల్పన. చోళుల ఆనవాలే కావాలంటే థియేటరుకు పోనక్కర్లేదు. శ్రీకాళహస్తి దగ్గర తొండమనాడులో మొదటి ఆదిత్యుడి స్మారకంగా కొడుకు పరాంతకుడు కట్టించిన గుడి ఉంది. బస్సెక్కితే చాలు.

మిగతావి చిల్లర అపోహలు. ‘దేవదాసు’ రాసిన శరత్ తెలుగు రచయిత కాడు, బెంగాలీ. రచయితే దర్శకుడైతే సినిమా ఆడి తీరుతుందనేవాళ్లు యండమూరి తీసిన ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’ (1991) గతి గుర్తుచేసుకోవాలి. ‘అ ఆ’ (2016) కొత్త కథ అనుకున్నవాళ్లకు, దాన్ని పోలిన కథే ఉన్న యద్దనపూడి నవల ‘మీనా’ 1973లోనే విజయనిర్మల చేతిలో సినిమా అయిందని తెలియదు.

నవలకన్నా సినిమాయే మేలన్న మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. ‘దేవదాసు’ విషయంలో, ఇష్టం లేకపోయినా, ఒప్పుకోవాలి. శరత్ కుర్రతనంలో రాసిన ఆ నవల 1917 దాకా పుస్తకం కాలేదు, దాన్ని అచ్చుకివ్వడానికి ఆయనే వెనుకాడాడు. 1953లో వేదాంతం రాఘవయ్య తీసిన సినిమాలో అక్కినేని, సావిత్రి, సుబ్బరామన్ సంగీతం కలిసి ఆ కథకు లేని బరువు తెచ్చాయి. అయితే ఒక్క ‘దేవదాసు’ను చూపించి నవలలన్నిటినీ అటకెక్కించడం కుదరదు.

సినిమా ముందు చూసినా నష్టం లేదు. చూశాక నవల తెరిచి, తెరమీదికి రానిదేమిటో వెతకాలి. పరీక్ష రాసేవాళ్లు పాత్రల పేర్లు పుస్తకంలో చూసుకున్నాకే కలం పట్టాలి. గ్రంథాలయంలో అడిగేటప్పుడూ జాగ్రత్త: ‘చదువుకున్న అమ్మాయిలు’ కావాలంటే శ్రీదేవి నవల దొరకదు. ‘కాలాతీత వ్యక్తులు’ అని అడగాలి.