సాలీడు కందిరీగ: రంగు కాదు, గుర్తులు చూడండి

కరీబియన్ సముద్రంలోని డొమినికన్ రిపబ్లిక్‌లో అరచేతి పొడవు సాలీడు ఉంటుంది. అక్కడివాళ్లు దాన్ని 'కకాటా' అంటారు. అలాంటి పెద్ద సాలీళ్లను వేటాడే పెప్సిస్ జాతి కందిరీగలు ఆ దేశంలో ఉన్నాయి. ఆడ కందిరీగ సాలీడును కుట్టి, కదలకుండా చేసి, బొరియలోకి ఈడ్చుకుపోతుంది. దాని మీద ఒకే గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు ఆ సాలీడును తిని పెరుగుతుంది.

వీటి ఒళ్లు నీలం కలిసిన నలుపు. చాలా రకాలకు రెక్కలు ఇటుక రంగులో ఉంటాయి. వేరే కందిరీగలకూ ఇవే రంగులుండొచ్చు. కాబట్టి ఈ గుర్తులు చూడండి:

* కాళ్లు పొడవు. వెనక కాళ్లకు ముళ్లుంటాయి.
* ఆడదాని మీసాలు వంపు తిరిగి ఉంటాయి.
* నడుము సన్నమే గాని, గోడలకు మట్టిగూడు కట్టే కందిరీగకు మల్లే దారంలా సాగి ఉండదు.
* నేల మీద పరుగెడుతూ రెక్కలు టపటపా ఆడిస్తుంది.
* చచ్చిన పురుగును భూతద్దంతో చూస్తే రొమ్ము పక్కన అడ్డంగా ఒక గాడి కనిపిస్తుంది. ఇది ముఖ్యమైన గుర్తు.

ఈ కుటుంబానికి చెందిన కందిరీగలు మన పొలాల్లోనూ ఉన్నాయి. రంగు, సైజు వేరైనా పై గుర్తులతో పోల్చుకోవచ్చు.

పురుగులను తినే సాలీళ్లు మనకు మేలు చేసేవే కదా, వాటిని చంపే కందిరీగకు మందు కొట్టాలా అని అడగొచ్చు. వద్దు. గుడ్డుకు ఒక్క సాలీడునే అది పట్టుకుంటుంది. మీరు కొట్టే మందు మిగతా సాలీళ్లను కూడా చంపుతుంది. పెద్ద కందిరీగలు పూలతేనె తాగుతాయే గాని పంటను కొరకవు. చేత్తో మాత్రం పట్టుకోకండి. ఆడది కుడితే విపరీతమైన నొప్పి.