పాత కీబోర్డు పారేసే ముందు

దుబాయ్‌లోనైనా షార్జాలోనైనా, అల్ నహ్దాలో ఫ్లాట్ మారే ఇళ్లల్లో ముందుగా చెత్తలోకి వెళ్లేవి పాత వైర్లు, కీబోర్డులు. మా ఇంట్లోనూ అంతే. కానీ ఈసారి విజిట్ వీసా మీద వచ్చిన మామయ్యగారు తన పాత కీబోర్డును సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్నారు. మీటల మీది తెలుగు స్టిక్కర్లు సగం అరిగిపోయాయి. అయినా ఆయన వేళ్లకు ఆ మీటలే అలవాటు. ల్యాప్‌టాప్ మీద రాయలేక, మనవల కోసం మొదలుపెట్టిన మా ఇంటి సంగతులు నాలుగు పేజీల దగ్గర ఆపేశారు.

చిక్కంతా దాని వైరు చివర ఉంది. ఊదారంగు, గుండ్రటి, ఆరు పిన్నుల ప్లగ్గు. పేరు పీఎస్/2. 1987లో ఐబీఎం తెచ్చింది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఆ రంధ్రమే లేదు. కొన్ని దిర్హమ్‌లు పెట్టి యూఎస్‌బీ అడాప్టర్ కొన్నాను. ఒక్క అక్షరం కూడా పడలేదు.

కారణం తెలిస్తే తప్పు కీబోర్డుది కాదని అర్థమవుతుంది. పీఎస్/2 కీబోర్డు మీట నొక్కగానే తనే కంప్యూటర్‌ను పలకరిస్తుంది. యూఎస్‌బీలో కంప్యూటరే పదే పదే అడుగుతుంది, కీబోర్డు జవాబిస్తుంది. రెండింటి భాష వేరు. చవక అడాప్టర్ తీగలను కలుపుతుందే తప్ప భాష మార్చదు. రెండు భాషలూ తెలిసిన కీబోర్డులకే అది పనిచేస్తుంది. మిగతా వాటికి లోపల చిన్న చిప్ ఉండే యాక్టివ్ కన్వర్టర్ కావాలి. కొనేటప్పుడు ఆ మాట అడిగి తీసుకోండి. ల్యాప్‌టాప్‌కు టైప్-సి మాత్రమే ఉంటే దాని వెనక మామూలు టైప్-సి అడాప్టర్ తగిలిస్తే చాలు.

ఒక జాగ్రత్త. పాత డెస్క్‌టాప్‌కు నేరుగా పీఎస్/2 ప్లగ్గు పెట్టినా తీసినా కంప్యూటర్ ఆపేశాకే చేయాలి.

మరి తెలుగు? కీబోర్డు అక్షరాన్ని పంపదు, ఏ మీట నొక్కామో దాని కోడ్ మాత్రమే పంపుతుంది. దాన్ని తెలుగు అక్షరంగా మార్చేది కంప్యూటర్. అందుకే విండోస్ సెట్టింగ్స్‌లో తెలుగు భాష చేర్చి, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును ఎంచుకుంటే పాత మీటల మీదే కొత్త యూనికోడ్ తెలుగు వస్తుంది. 1991 నాటి భారతీయ ప్రమాణంలో ఉన్న అమరిక ఇది. ఇంగ్లీషు 'కె' మీట మీద తెలుగు 'క' ఉంటుంది. హిందీ, కన్నడ 'క'లూ అక్కడే. అయితే డీటీపీ సెంటర్లలో వాడిన యాపిల్, మాడ్యులర్ అమరికలు అలవాటైన వారికి విండోస్‌లో ఉన్నది సరిపోదు, వేరే సాఫ్ట్‌వేర్ కావాలి.

ఊరి నుంచి పెద్దవాళ్లు వస్తుంటే, వాళ్లు ఏ అమరికలో టైపు చేస్తారో, వైరు చివర ఏ ప్లగ్గు ఉందో ఫోన్‌లోనే అడగండి. కన్వర్టర్ ముందే కొని ఉంచండి. మా ఇంట్లో ఐదో పేజీ మొదలైంది. మధ్యాహ్నం నిద్ర లేకుండా ఆ టకటకలేమిటని అత్తయ్యగారు విసుక్కుంటున్నారు, అంతే.