ఆరోగ్య సేవకులకు నిరంతర విద్య

ఒక గ్రామములో పసిబిడ్డకు విరేచనములు పట్టుకొన్నవి అనుకొందము. తల్లి బిడ్డను ఎత్తుకొని నర్సమ్మ వద్దకు వచ్చినది. ఆమె 2000 సంవత్సరమునకు పూర్వము శిక్షణ పొందినది. అప్పుడు నేర్చిన ప్రకారము ఓ.ఆర్.ఎస్. పొట్లము ఇచ్చి, నీటిలో కలిపి త్రాగించుమని చెప్పినది. చెప్పిన దానిలో తప్పు లేదు, కొరత మాత్రమున్నది. ఆ ద్రవముతోపాటు పది మొదలు పదునాలుగు దినములవరకు జింకు కూడ ఇవ్వవలెనని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి సలహా ఇచ్చినవి. జింకు వ్యాధి కాలమును తగ్గించును. తరువాతి రెండు మూడు నెలలలో వ్యాధి తిరిగి వచ్చుటను కూడ కొంత నివారించును.

క్షయరోగ చికిత్సయు ఇట్లే మారినది. మన దేశములో వారమునకు మూడు దినములు మందు ఇచ్చు పద్ధతి పోయి, 2017లో ప్రతిదినము ఇచ్చు పద్ధతి వచ్చినది. పాత పాఠమునే నమ్ముకొన్న సేవకుడు శ్రద్ధతోనే పొరపాటు చేయగలడు.

ఈ ప్రమాదమును తొలగించుటకే నిరంతర విద్యా క్రెడిట్ పద్ధతి ఏర్పడినది. క్రెడిట్ అనగా గుర్తింపు పొందిన శిక్షణకు వేయు లెక్క. సాధారణముగా ఒక గంట పాఠమునకు ఒక క్రెడిట్. నియమిత కాలములో నియమిత సంఖ్య పూర్తిచేసినవారికే నమోదు పునరుద్ధరింపబడును. వైద్యులు అయిదేండ్లకు 30 గంటలు ఇట్టి శిక్షణలో పాల్గొనవలెనని 2002 నాటి వృత్తిధర్మ నియమావళి నిర్దేశించినది. నర్సులకు భారత నర్సింగ్ మండలి అయిదేండ్లకు 150 గంటలు నిర్ణయించినది. అమెరికాలో ప్రజారోగ్య వృత్తి ధ్రువపత్రము గలవారు రెండేండ్లకు 50 క్రెడిట్లు, ఆరోగ్య బోధకుల ధ్రువపత్రము గలవారు అయిదేండ్లకు 75 గంటలు సంపాదింపవలెను.

మంచి శిక్షణకు కొన్ని లక్షణములు కలవు. పాఠము ముగియునప్పటికి శ్రోత ఏమి చేయగలుగవలెనో ముందే నిర్ణయింపవలెను. మందుల వ్యాపారులతో ఉపన్యాసకునకు సంబంధమున్నచో దానిని బహిరంగముగా తెలుపవలెను. చివర ప్రశ్నలడిగి, నేర్చినది పరీక్షింపవలెను.

అయినను గంటల లెక్కయే విద్య కాదు. హాజరుపట్టీలో సంతకము చేసి, భోజనము ముగించి వెళ్ళిపోయినవానికిని క్రెడిట్ దక్కినచో ఆ కాగితము బిడ్డను రక్షింపదు. మరియొక చిక్కు కలదు. నగరములోని వైద్యునకు సభలు సమీపమున ఉండును. మారుమూల ఉపకేంద్రములో ఒంటరిగా పనిచేయు స్త్రీకి రెండు దినములు సెలవు దొరకుటయే కష్టము. ఆమె ప్రయాణపు ఖర్చు ఎవరు భరింతురు? ఆమె లేని దినములలో టీకాలు ఎవరు వేయుదురు? ఈ ప్రశ్నలకు సమాధానము చూపక గంటలు మాత్రము విధించినచో నియమము శిక్షగా మారును.

కనుక శిక్షణయే ఆమె వద్దకు పోవలెను. తెలుగులో, ఆమె పని వేళలలో, నిత్యము ఆమెకు ఎదురగు రోగములను గూర్చి బోధింపవలెను. మన గుమ్మము ముందు నిలుచునది ఆమెయే. ఆమె ఈనాటి విద్య నేర్చుట మన బిడ్డలకే క్షేమము.