పాత జీపు కొనుగోలులో మమకారం – వ్యవహారం: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల వాడుక మాటల ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
వాడిన జీపును కొనే సందర్భంలో మనిషి మమకారం బండి మీద నిలుస్తుంది. చట్టం మాత్రం పేరును చూస్తుంది. ఈ రెండింటి మధ్య ఏర్పడే ఎడాన్ని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో బేరం సమయంలో వినిపించే మాటల ద్వారా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పశువుల బేరం నుంచి వాహనాల బేరానికి వచ్చిన పలుకుబడులు కొనుగోలుదారుకు ఎక్కడ తోడ్పడుతున్నాయో, ఎక్కడ దారి తప్పిస్తున్నాయో చూపడానికి ఇందులో ప్రయత్నించాను.

కీలక పదాలు: జీపు, మమకారం, బేరం, పేరు మార్పు, కాగితాలు, వాడుక భాష.

1. ఉపోద్ఘాతం

మా మేనమామకు హుజూర్‌నగర్ దగ్గర కొంత వరి పొలం, ఒక మహీంద్రా కమాండర్ జీపు ఉండేవి. జాన్‌పహాడ్ ఉర్సుకైనా, దురాజ్‌పల్లి లింగమంతుల జాతరకైనా పిల్లలందరం ఆ జీపు వెనుక బల్లల మీద ఎదురెదురుగా కూర్చుని వెళ్లినవాళ్లమే. 2011లో ఆయన దానిని సరిహద్దు అవతల ఉన్న ఒక పరిచయస్తునికి ఇచ్చాడు. ‘అమ్మిన’ అని ఆయన ఏనాడూ అనలేదు, ‘ఇచ్చిన’ అనే అన్నాడు. 2014లో ఆయన పేరు మీద కోర్టు నోటీసు వచ్చింది. ఆ జీపు ఎక్కడో ఒక మనిషిని గుద్దింది. అప్పటికి అది మరొకరి చేతికి కూడా మారింది. రిజిస్ట్రేషన్ పత్రంలో మాత్రం మా మేనమామ పేరే ఉంది.

ఈ సంఘటన వల్లనే నేను ఈ విషయాన్ని భాషా విద్యార్థిగా ఆలోచించవలసి వచ్చింది. నలభై ఏళ్లు ఎడ్లను కొని అమ్మిన మనిషి, ఎదుటివాడి మాట తీరును బట్టి పశువు గుణం చెప్పగల మనిషి ఇంత చిన్న పొరపాటు ఎలా చేశాడు? ఆ బేరంలో వాడిన మాటలను ఒక్కొక్కటిగా గుర్తు చేసుకుంటే కొంత సమాధానం దొరుకుతుంది.

2. ఈ నేల మీద జీపు

మన ప్రాంతానికి జీపు మొదట సొంత బండిగా రాలేదు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య సమయాన విజయవాడ వైపు నుంచి బయలుదేరిన సైన్యం కోదాడ, మునగాల, సూర్యాపేటల దారినే ముందుకు సాగింది. ఆ తరువాతి దశాబ్దాలలో పల్లెకు వచ్చిన జీపు పోలీసులదో, రెవెన్యూ అధికారులదో, మండలాలు ఏర్పడకముందు సమితి కార్యాలయానిదో అయి ఉండేది. ‘ఊళ్లెకు జీపొచ్చింది’ అనే వాక్యంలో కర్త వాహనమే అయినా వచ్చింది అధికారమని విన్నవారందరికీ అర్థమయ్యేది. భయమూ గౌరవమూ కలిసిన ఆ అర్థఛాయ నేటికీ పూర్తిగా పోలేదు. ఎన్నికల ప్రచారంలో నాయకుడు పైకప్పు లేని జీపు మీద నిలబడి ఊరేగడం వెనుక ఆ ఛాయ ఉందనే నా అభిప్రాయం.

రెండవ దశ నీళ్లతో వచ్చింది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడుదలైంది. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరి మాగాణులుగా మారాయి. వానాకాలంలో కాలువ కట్టల మీద, రేగడి డొంకల్లో మామూలు కారు నడవదు. ఎరువుల బస్తాలు మోయడానికి, కూలీలను చేర్చడానికి, రాత్రివేళ రోగిని పట్టణానికి తీసుకుపోవడానికి జీపు అవసరమైంది. బస్సు వెళ్లని తండాలకు మనిషికింత చొప్పున ఎక్కించుకునే జీపులు నడిచాయి. సర్కారు బండి జనం బండి అయింది.

ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్ల వయసులో ఉన్నవారికి జీపు బాల్యంలోని వస్తువు. 2010లో మహీంద్రా సంస్థ థార్‌ను విడుదల చేసినప్పుడు, 2020లో దానిని కొత్త రూపంలో తెచ్చినప్పుడు అది అమ్మినది కొంతవరకు ఈ జ్ఞాపకాన్నే. కొత్తది కొనలేనివారు పాత థార్‌నో, 1985లో మార్కెట్లోకి వచ్చి సుమారు మూడు దశాబ్దాలకు పైగా నడిచిన మారుతి జిప్సీనో, లేదా ఏ షెడ్డులోనో తుప్పు పడుతున్న కమాండర్‌నో వెతుకుతున్నారు.

3. ఎద్దును చూసిన కన్ను

పాత జీపు బేరాన్ని దగ్గరగా చూస్తే అది పశువుల సంత పద్ధతిలోనే సాగుతుందని తెలుస్తుంది. సంతలో రైతు ముందు ఎద్దు పండ్లు చూసి వయసు తేల్చుకుంటాడు, సుడులు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి కుంటు ఉందేమో గమనిస్తాడు. జీపు దగ్గర కూడా టైర్ల అరుగుదలను చూస్తారు, బానెట్ ఎత్తి ఇంజిన్ చప్పుడు వింటారు, కొంతదూరం నడిపిస్తారు. సంతలో దళారి తువాలు మాటున వేళ్లు పట్టి ధర చెప్పినట్లే, ఇక్కడ మధ్యవర్తి అమ్మేవాడిని పక్కకు పిలిచి చెవిలో చెబుతాడు. ‘బండి’ అనే మాటే ఎడ్ల బండి నుంచి మోటారు బండికి నేరుగా వచ్చింది కదా! ‘మొండిది’, ‘నమ్మకమైనది’, ‘మాట వింటది’ వంటి విశేషణాలు కూడా దాని వెంటే వచ్చాయి.

ఈ కన్ను వృథా కాదు. జీపు విషయంలో దానికి మరికొంత శిక్షణ కావాలి, అంతే. మెరుగు పెట్టిన రంగు చూసి మురిసిపోకుండా బండి కింద పడుకుని చూడాలి. మాగాణుల్లో తిరిగిన జీపుకు ఛాసిస్ మూలల్లో బురద గట్టిపడి ఉంటుంది, దాని వెనుక తుప్పు పెరుగుతుంది. కొత్తగా పూసిన నల్లరంగు కింద వెల్డింగ్ అతుకులు ఉన్నాయేమో సుత్తితో మెల్లగా కొట్టి చూడాలి. నీటిలో మునిగిన బండి అయితే గేరుపెట్టెలో గానీ ఇరుసు గూడులో గానీ నూనె పాల రంగుకు తిరిగి ఉంటుంది. కమాను పట్టీలు విరిగాయా, స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం కదలడానికి ముందు ఎంత ఖాళీ తిరుగుతున్నదీ పరీక్షించాలి. ఛాసిస్ మీద చెక్కిన సంఖ్యను పత్రంలోని సంఖ్యతో అక్షరం అక్షరం పోల్చుకోవాలి. ఊళ్లో నమ్మకమున్న మెకానిక్‌ను వెంట తీసుకుపోయే ఆచారం మంచిది. అతడు అమ్మేవాడికి తెలిసినవాడు కాకపోతే మరీ మంచిది.

4. ‘ఫోర్ వీల్’ అనే మాట

ఇక్కడ ఒక మాట చేసే మోసాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. మన వాడుకలో ‘ఫోర్ వీలర్’ అంటే నాలుగు చక్రాల వాహనం ఏదైనా కావచ్చు. ‘ఫోర్ వీల్ డ్రైవ్’ అంటే ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ అందే వాహనం. బేరంలో రెండూ కుదించుకుపోయి ‘ఫోర్ వీల్ బండి’ అవుతాయి. అమ్మేవాడు అబద్ధం చెప్పనక్కరలేదు, కొనేవాడు తనకు కావలసిన అర్థం తీసుకుంటాడు. కమాండర్ జీపులలో వెనుక చక్రాలకే బలం అందేవి చాలా ఉన్నాయి. థార్ అనగానే నాలుగు చక్రాల బలం ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. 2023 జనవరి నుంచి వెనుక చక్రాల బలంతో మాత్రమే నడిచే థార్ కూడా వచ్చింది. కాబట్టి రెండవ గేరు కర్ర ఉందా అని చూసి ఊరుకోకూడదు. మెత్తని నేల మీదకు తీసుకుపోయి, దానిని వేసి, ముందు చక్రాలు నిజంగా లాగుతున్నాయో లేదో చూడాలి. ఏళ్ల తరబడి వాడక ఆ కర్ర బిగుసుకుపోయిన బండ్లు తక్కువేమీ కావు.

అసలు ఆ బలం మనకు ఎందుకు కావాలన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. సూర్యాపేట నుంచి కోదాడకు 65వ జాతీయ రహదారి మీద ఉద్యోగానికి పోయి వచ్చే అధ్యాపకుడికి అది బరువు, డీజిల్ ఖర్చు మాత్రమే. కాలువ కట్ట మీద తిరిగే రైతుకు అదే ప్రాణాధారం.

5. మమకారపు వెల

వాడిన కార్ల మార్కెట్‌పై జార్జి అకెర్లాఫ్ 1970లో రాసిన వ్యాసం ప్రసిద్ధం. మూడు పత్రికలు తిరస్కరించిన ఆ వ్యాసమే 2001లో ఆయన నోబెల్ బహుమతి పంచుకోవడానికి ఆధారమైంది. (పరిశోధక విద్యార్థులకు ఇది ఊరట కలిగించే సంగతి.) బండిలోని లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందువల్ల కొనేవాడు ప్రతి బండినీ అనుమానించి ధర తగ్గిస్తాడు. ఆ ధరకు మంచి బండ్లు అమ్మకానికి రావు, చెడ్డవే మిగులుతాయి. ఇది ఆయన వాదన. లోపమున్న కారును అమెరికన్లు నిమ్మకాయ అంటారు, వ్యాసం పేరులోనూ ఆ మాట ఉంది. మనం కొన్న బండి ఎటువంటిదైనా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం!

అకెర్లాఫ్ చెప్పిన అనుమానానికి మన ప్రాంతంలో వాడే మందు ‘మనోళ్ల బండే’ అన్న మాట. బంధుత్వం, కులం, ఊరు, స్నేహం ఇవన్నీ లోపం లేదన్న హామీగా నిలుస్తాయి. చాలాసార్లు ఆ హామీ నిజమే అవుతుంది కూడా. అమ్మినవాడు రేపు పెళ్లిలోనో చావులోనో ఎదురుపడక తప్పదు కదా. కానీ ఈ మాటకు మరొక పని ఉంది. అది చెవిన పడ్డాక కాగితాలు అడగడం అవమానించినట్లు అవుతుంది.

తన చేతిలో ఉన్న వస్తువుకు మనిషి ఎక్కువ విలువ కడతాడని రిచర్డ్ థేలర్ 1980లో సూత్రీకరించాడు. 1990లో కానెమన్, నెట్ష్‌లతో కలిసి ప్రచురించిన కప్పుల ప్రయోగంలో, కప్పు ఉన్నవారు అడిగిన ధర కొనేవారు ఇవ్వజూపిన దానికి సుమారు రెట్టింపుగా తేలింది. జీపు విషయంలో నాకు కనిపించిన తేడా ఏమిటంటే, ఇక్కడ మమకారం కొనేవాడిలో కూడా ముందే ఉంది. ఆ బండి అతని చేతిలో ఎన్నడూ లేకపోయినా దాని వెనుక బల్ల మీద అతని బాల్యం ఉంది. అమ్మేవాడు తన జ్ఞాపకానికి వెల అడుగుతాడు, కొనేవాడు తన జ్ఞాపకానికి వెల ఇస్తాడు. రెండూ వేరు వేరు జ్ఞాపకాలు. ఇంజిన్ బోరు చేయించాలన్న సంగతి ఆ మధ్యలో మరుగున పడుతుంది.

దీనికి మమకారాన్ని వదులుకొమ్మని చెప్పడం నా ఉద్దేశం కాదు. మమకారం లేనివాడు పాత జీపు కొననే కొనడు, కొన్నా దానిని సాకలేడు. అయితే జ్ఞాపకానికి ఎంత ఇస్తున్నామో, ఇనుముకు ఎంత ఇస్తున్నామో విడివిడిగా ఒక చీటీ మీద రాసుకోవచ్చు. మరమ్మతుల అంచనా కూడా ఆ చీటీలోనే ఉండాలి.

6. కాగితం మీది పేరు

‘బండికి కాగితాలున్నయి’ అనేది బేరంలో తప్పక వినిపించే వాక్యం. దీని నిర్మాణాన్ని గమనించండి. ‘ఎద్దుకు కొమ్ములున్నయి’ అన్నప్పటి నిర్మాణమే ఇది. కాగితాలు బండి శరీరంలో ఒక భాగమన్నట్లు, బండితోపాటు అవీ చేతులు మారిపోతాయన్నట్లు ఈ వాక్యం ధ్వనిస్తుంది. నిజానికి ఆ కాగితం ప్రభుత్వానికీ ఒక మనిషికీ మధ్య ఉన్న సంబంధాన్ని తెలుపుతుంది. బండిని తోలుకుపోయినంత మాత్రాన ఆ సంబంధం తెగదు. ఎద్దుకు రిజిస్ట్రేషన్ లేదు. పలుపు తాడు చేతికిస్తే యాజమాన్యం మారినట్లే. మా మేనమామ చేసింది సరిగ్గా అదే. సంతకాలు చేసిన ఖాళీ ఫారాలు, తాళంచెవి ఇచ్చి ‘ఇచ్చేసిన’ అనుకున్నాడు.

1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవారు 14 రోజులలోగా, మరో రాష్ట్రంలోని వారికి అమ్మితే 45 రోజులలోగా రవాణా అధికారికి తెలపాలి. కొన్నవారు 30 రోజులలోగా తెలిపి పేరు మార్పించుకోవాలి. బాధ్యత ఇద్దరిదీ. ఇందుకు 29, 30 ఫారాలు, అప్పు మీద కొన్న బండి అయితే ఆ అప్పు తీరినట్లు చూపే 35వ ఫారం అవసరం. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ఈ సందర్భంలో గమనార్హం. ఒక కారు పలువురి చేతులు మారింది, పత్రంలో పేరు మారలేదు. 2009లో ప్రమాదం జరిగింది. నష్టపరిహారం విషయంలో రిజిస్టరులో పేరున్న మొదటి వ్యక్తినే యజమానిగా పరిగణించాలని న్యాయస్థానం నిర్ణయించింది.

ఈ మూడు పట్టణాలలో కోదాడకు ఒక ప్రత్యేకత ఉంది. రామాపురం క్రాస్‌రోడ్డు దాటితే మరో రాష్ట్రం. 2014కు ముందు జగ్గయ్యపేట నుంచి జీపు తెచ్చుకోవడం పక్క జిల్లా వ్యవహారం. ఇప్పుడు దానికి నిరభ్యంతర పత్రం, అంటే 28వ ఫారం కావాలి. పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే కొత్త సంఖ్య తీసుకోవాలి, ఇక్కడి జీవితకాల పన్ను కట్టాలి. నంబరు పలకలు మాత్రం మన రాజకీయ చరిత్రను మోస్తూ తిరుగుతున్నాయి. ఏపీ 24 అంటే పాత నల్లగొండ జిల్లా. టీఎస్ 05 అంటే రాష్ట్రం ఏర్పడిన తరువాతి నల్లగొండ. టీఎస్ 29 అంటే 2016 అక్టోబరులో ఏర్పడిన సూర్యాపేట జిల్లా. 2024 మార్చి నుంచి టీజీ. ఏపీ 24 పలక ఉన్న జీపు దొరికితే కొందరు మురిసిపోతారు. ఆ బండి పదిహేనేళ్లకు దగ్గరపడిందో, దాటిందో అన్న హెచ్చరిక కూడా ఆ పలకలోనే ఉంది. పదిహేనేళ్లు నిండిన సొంత వాహనానికి రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. కేంద్ర నిబంధనల ప్రకారం కారు తరగతికి ఆ రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో మరింత పెంచారు.

హర్యానాలోని మండీ డబ్‌వాలీ వంటి చోట్ల పాత భాగాలతో కొత్తగా తయారుచేసిన జీపుల బొమ్మలు చూసి ముచ్చటపడే యువకులు 52వ సెక్షన్ చదవాలి. పత్రంలో నమోదైన స్వరూపానికి భిన్నంగా బండిని మార్చడాన్ని ఆ సెక్షన్ అనుమతించదు. ఇక మధ్యవర్తుల విషయానికి వస్తే, 2023 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం అధికారపత్రం పొందిన డీలరుకు బండి అప్పగించి ఆ సమాచారాన్ని నమోదు చేస్తే, అక్కడి నుంచి బాధ్యత డీలరుది. టీకొట్టు దగ్గరి మధ్యవర్తికి ఇది వర్తించదు.

బీమా కూడా ఇటువంటిదే. మూడో వ్యక్తికి కలిగే నష్టానికి సంబంధించిన భాగం బండితోపాటు కొన్నవారికి బదిలీ అయినట్లే చట్టం భావిస్తుంది. సొంత బండికి జరిగే నష్టం సంగతి వేరు. దానికి పాలసీలో పేరు మారాలి, అందుకు 14 రోజులలోగా దరఖాస్తు చేసుకోవాలి.

మా మేనమామను చివరకు కాపాడింది ఆ బీమాయే. కొన్నవాళ్లు పేరు మార్చకపోయినా, ఆయన పేరు మీదనే ఏటేటా పాలసీ కట్టుకుంటూ వచ్చారు. పరిహారం బీమా సంస్థ చెల్లించింది. అయినా మూడేళ్ల పాటు ఆయన వాయిదాలకు తిరిగాడు. ఒకసారి వాయిదా నుంచి వచ్చాక, లాయరు ఏమన్నాడని అడిగాను. ఆ సంగతి పక్కన పెట్టి, జీపును ఠాణా ఆవరణలో పెట్టారని, పైన టాపు లేదని, వానకు తడుస్తున్నదని చెప్పాడు. దాని రెండో తాళంచెవి ఇప్పటికీ వాళ్ల ఇంట్లో మేకుకు వేలాడుతూనే ఉంది.