నిచ్చెనలో మధ్య మెట్టు

అవమానం అనుభవించినవాడు ఇంకొకరిని అవమానించడని మనకొక నమ్మకం. వివక్ష మీద మన సభల్లో జరిగే ప్రసంగాలు దాదాపు అన్నీ ఈ నమ్మకం మీదే నిలబడి ఉంటాయి. బాధపడేవాళ్ళంతా ఒక వైపు, బాధపెట్టేవాళ్ళంతా ఒక వైపు! కాని మన ఇళ్ళల్లో సంగతి చూడండి. అత్త చేత మాటలు పడ్డ కోడలు, తనకొక కోడలు వచ్చేసరికి ఏ మాత్రం మెత్తబడుతోంది? సంఘంలోనూ అదే జరుగుతోంది. ఎందుకు జరుగుతోందో నాకు అర్థమైనంతవరకు చెప్పటానికే ఈ వ్యాసం.

మన కళ్ళెదుట ఉన్న హైటెక్ సిటీనే తీసుకుందాం. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి చూస్తూండగానే అద్దె ఇళ్ళూ హాస్టళ్ళూ అయిపోయాయి. అక్కడ ఇల్లు వెతుక్కోవటమంటే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పటం: పేరేమిటి, ఏ ఊరు, తినేదేమిటి. నాలుగో ప్రశ్న, 'మీరేమిటోళ్ళు' అన్నది, చదువుకున్నవాళ్ళు నోటితో అడగరు. ఇంటిపేరు అడిగి రాబట్టుకుంటారు.

నా మిత్రుడొకడు ముస్లిం. ఉద్యోగం మాదాపూర్‌లో. అతనితోపాటు నేనూ ఒక ఆదివారం ఇళ్ళ కోసం తిరిగాను. ఖాళీగా ఉన్నాయన్న ఇళ్ళు పేరు చెప్పగానే నిండిపోయాయి, మూడు చోట్ల. ఒకాయన మాత్రం మర్యాదగా కూర్చోబెట్టాడు. తన కొడుకు టెక్సాస్‌లో ఉన్నాడనీ, అక్కడ ఇండియావాళ్ళను చులకనగా చూస్తున్నారనీ, వీసా భయంతో కుర్రాడికి నిద్రే లేదనీ పావుగంట చెప్పి, "మీవాళ్ళకి ఇస్తే పక్కవాళ్ళు ఒప్పుకోరు బాబూ" అన్నాడు. తన రెండు మాటలకూ ఉన్న సంబంధం ఆయనకు తట్టనే లేదు.

ఇంకో సంగతి చెప్పకపోతే కథ ఏకపక్షం అవుతుంది. ఈ మిత్రుడి మేనమామకు టోలీచౌకీలో రెండు ఫ్లాట్లు ఉన్నాయి. ఆ చుట్టుపక్కల సూడాన్, సోమాలియా విద్యార్థులు చాలామంది ఉంటారు. ఎక్కువమంది ఆయన మతంవాళ్ళే. అయినా ఆ 'హబ్షీలకు' ఆయన ఇల్లివ్వడు. ఇది మిత్రుడే నవ్వుతూ చెప్పాడు.

ఇదంతా మనుషుల చెడ్డతనం అని వదిలేస్తే ఏమీ తేలదు. మన దేశంలో ఉన్నది వట్టి అసమానత కాదు, నిచ్చెనమెట్ల అసమానత అని అంబేద్కర్ వివరించారు. దొర, బానిస, ఇద్దరే ఉంటే బానిసకు తిరగబడటం తప్ప దారి లేదు. మెట్లు అనేకం ఉన్నప్పుడు అట్టడుగువాడికి తప్ప ప్రతివాడికీ కింద ఇంకొకడుంటాడు. పైవాడి మీద ఎంత కోపం ఉన్నా, నిచ్చెన విరిగితే తన మెట్టూ పోతుంది గదా! అందుకని మధ్య మెట్టువాడు ఈ నిచ్చెన ఎందుకని అడగడు. నన్ను ఇంత కింద ఎందుకు పెట్టారని అడుగుతాడు.

దీనికి అమెరికా న్యాయస్థానంలోనే ఒక ఉదాహరణ ఉంది. భగత్ సింగ్ థింద్ పంజాబీ. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. అప్పట్లో బయటినుంచి వచ్చినవాళ్ళలో తెల్లవాళ్ళకు, నల్లవాళ్ళకు మాత్రమే పౌరసత్వం ఇచ్చేవాళ్ళు. వర్ణాన్ని బట్టి పౌరసత్వం ఏమిటని ఆయన వాదించలేదు. తాను అగ్రకుల ఆర్యుణ్ణి కనుక తెల్లవాడి కిందే లెక్క అన్నాడు. అమెరికన్లు నల్లవాళ్ళను ఎలా చూస్తారో, తమవాళ్ళు ఇక్కడి ఆదివాసులను అలాగే చూస్తారని కూడా ఆ వాదంలో రాశారు! 1923లో సుప్రీంకోర్టు ఇదేదీ ఒప్పుకోలేదు. అంతకుముందు పౌరసత్వం వచ్చిన భారతీయుల్లో అనేకమందికి అది పోయింది. చివరికి 1965 చట్టం మనవాళ్ళకు తలుపులు తెరిచింది. నల్లవాళ్ళ పౌరహక్కుల పోరాటం కదిలించిన దేశం చేసిన చట్టం అది. ఆ తలుపులోంచి వెళ్ళి 'కల్లుగాళ్ళు' అని నల్లవాళ్ళను వెక్కిరించే తెలుగువాళ్ళ మాటలు మీరూ వినే ఉంటారు.

2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఒలేత పట్టణంలో, నా దేశంలోంచి పొండంటూ ఒకడు మన హైదరాబాదు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపాడు. మాడసాని అలోక్ గాయపడ్డాడు. అడ్డం వెళ్ళిన ఇయాన్ గ్రిల్లట్ అనే అమెరికన్‌కు కూడా తూటా తగిలింది. హంతకుడు వాళ్ళను ఇరానీయులనుకున్నాడు. ఆ రోజుల్లో ఇక్కడ ఎంతోమంది నోట నేను విన్నది ఏమిటంటే, "పాపం, పొరబాటున చంపాడు" అని. నిజంగా ఇరానీయులే అయివుంటే అది పొరబాటు కాకపోయేదా?

కూలీల సంగతీ ఇంతే. దేశమంతటా ఆనకట్టలు కట్టిన పాలమూరు లేబరు మనవాళ్ళు. బొంబాయిలో కామాఠీపురాకు ఆ పేరు తెలుగు కామాటీల వల్లే వచ్చింది. 1960లలో అదే నగరంలో 'బజావో పుంగీ, హటావో లుంగీ' అని దక్షిణాదివాళ్ళ మీద ఉద్యమం నడిచింది. ఇప్పుడు సైబరాబాదు మేడలు కడుతున్న ఒడిశా, బీహారు కూలీలను మనం ఏమంటున్నామో కొండాపూర్ టీకొట్టు దగ్గర నిలబడితే తెలుస్తుంది.

చివరిదీ, రాయటానికి అన్నిటికంటే కష్టమైనదీ మన ఊళ్ళ సంగతి. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మంద కృష్ణ మాదిగ మొదలుపెట్టిన దండోరా, షెడ్యూల్డు కులాల వాటాలో మాదిగలకు న్యాయమైన భాగం అడిగింది. వర్గీకరణ చట్టం 2000లో వచ్చింది, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందన్నది. దళితుల ఐక్యత దెబ్బతింటుందన్న మాలల భయం వట్టి సాకు అని నేననను. మాలల్లో వర్గీకరణను సమర్థించినవాళ్ళూ ఉన్నారు. కాని "చదువుకుని పోటీ పడమనండి" అన్న మాట కొందరి నోట విన్నప్పుడు, అది 1990లో మండల్ వ్యతిరేకులు వాడిన మాటే కదా అనిపించింది.

నిచ్చెన మాదిగల దగ్గర ఆగిందా? డక్కలివాళ్ళు జాంబపురాణం చెప్పి మాదిగలను అడుక్కుని బతికే కులం. మాదిగలకు వాళ్ళు అంటరానివాళ్ళు. ఊరికి వెలుపల మాదిగవాడ, ఆ వాడకు వెలుపల డక్కలి గుడిసె.

2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 59 కులాలు మూడు గ్రూపులయ్యాయి. డక్కలివాళ్ళున్న మొదటి గ్రూపులో 15 కులాలు, వాటా 1 శాతం. రెండో గ్రూపుకు 9, మూడో గ్రూపుకు 5. మన కాలేజీలో ఆ 15 కులాల విద్యార్థులు ఎంతమంది ఉన్నారని వర్గీకరణ కావాలనే మిత్రుణ్ణీ, వద్దనే మిత్రుణ్ణీ అడిగాను. ఇద్దరికీ తెలియదు. ఈ ఏటి ప్రవేశాల పట్టికలోంచి ఆ లెక్క తీయించమని మన యూనియన్‌కు కాగితం రాసి ఇచ్చాను.